జేబులో గీగర్ కౌంటర్, సీసాలో బోరు నీళ్ళు: ఆరు రోజుల యురేనియం యాత్ర

ఈ ట్రిప్ ఐడియా నాది కాదు, ఒక మిషన్ది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మా ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్‌లో చిన్న గీగర్ కౌంటర్ కొన్నాడు, సెల్‌ఫోన్ అంత ఉంటుంది, రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కు టిక్కుమంటుంది. రెండు వారాలు ఇల్లంతా తిప్పి బోర్ కొట్టి నాకిచ్చేశాడు, నెలరోజులు ఉంచుకో అని. అది చేతికొచ్చాక నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక దురద మళ్ళీ మొదలైంది. పేపర్లో తుమ్మలపల్లె, నల్లమల, పెద్దగట్టు అని చదవడమే తప్ప మన తెలుగు నేల మీద యురేనియం కథ నడిచిన చోట్లు ఒక్కటీ నేను చూడలేదు. 2023 డిసెంబర్‌లో లీవులు మిగిలాయి, మా బామ్మర్ది దగ్గర కారు ఉంది, వాడికి రోడ్డు కనిపిస్తే చాలు. అలా బయల్దేరాం.

మొదటి రోజు – హైదరాబాద్, ఈసీఐఎల్

యాత్ర అన్నాక గుడితో మొదలెట్టాలి కదా, మేం ఈసీఐఎల్ చౌరస్తాతో మొదలెట్టాం. ఏఎస్ రావు నగర్‌లో ఇడ్లీ తింటూ మా వాడు "ఎవరు బావా ఈ ఏఎస్ రావు, రియల్ ఎస్టేటా?" అన్నాడు. కాదురా, అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టిన సైంటిస్టు, 1967లో ఈసీఐఎల్ పెట్టింది ఆయనే, న్యూక్లియర్ ప్లాంట్లకి కావాల్సిన ఎలక్ట్రానిక్స్ మనమే చేసుకోవాలని పెట్టిన కంపెనీ, తర్వాత ఓటింగ్ మిషన్లు కూడా చేసింది అని చెప్తే, ఓహో అని రెండో ప్లేటు చెప్పాడు.

అక్కడికి దగ్గర్లోనే పెద్ద గోడ. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971లో మొదలైంది. లోపలికి వెళ్ళే ప్రసక్తే లేదు, గోడ పక్కన కారు ఆపడం కూడా మంచిది కాదు, దూరం నుంచి చూసి వచ్చేశాం. దేశంలో ఎక్కడ తవ్విన యురేనియమైనా పసుపుపచ్చ పొడి రూపంలో చివరికి ఇక్కడికే వస్తుంది. ఇక్కడ దాన్ని శుద్ధి చేసి, వేలి కణుపంత నల్ల బిళ్ళలుగా నొక్కి, హైడ్రోజన్ కొలిమిలో సుమారు 1700 డిగ్రీల దగ్గర కాల్చి, జిర్కోనియం గొట్టాల్లో పేరుస్తారు. అలాంటి గొట్టాలు 19 కలిపి కట్టగా చేస్తే అర మీటరు పొడవు బండిల్ అవుతుంది, మన 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడేది అదే. మనవాళ్ళు యురేనియాన్ని ఎన్రిచ్ చెయ్యకుండా, అంటే అందులో బాగా మండే రకం పాలు పెంచకుండా, ఉన్నదున్నట్టు కాల్చే పద్ధతి ఎంచుకున్నారు, అందుకే దానికి భారజలం, అంటే బరువు రకం హైడ్రోజన్ ఉన్న నీళ్ళు కావాలి, ఆ భారజలం ఫ్యాక్టరీ ఒకటి గోదావరి పక్కన మణుగూరులో ఉంది. అంటే ఫ్యూయల్లో, నీళ్ళలో, మీటర్లలో మన రాష్ట్రాల వాటా ఇంత ఉండి కూడా ఈ రెండు రాష్ట్రాల్లో ఒక్క అణు విద్యుత్ కేంద్రం లేదు, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ దగ్గర కట్టాలనుకున్నది ఇంకా కాగితాల్లోనే ఉంది.

సాయంత్రం ఒక రాతి గుట్ట ఎక్కి మిషన్ ఆన్ చేశా. గంటకి 0.28 మైక్రోసీవర్ట్! (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క సీవర్ట్, వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ.) మా వాడు రెండడుగులు వెనక్కేశాడు, "ఫ్యాక్టరీ ఎఫెక్టా బావా?" అని. కాదు, అది గ్రానైట్. హైదరాబాద్ కింద ఉన్న రాయిలోనే యురేనియం, థోరియం, పొటాషియం కాస్త ఎక్కువ, మనం పుట్టక ముందు నుంచీ ఇంతే. ఏడాదంతా ఆ గుట్ట మీదే కూర్చుంటే రెండున్నర మిల్లీసీవర్ట్‌ల దాకా వస్తుంది. మరి ప్రజలకి ఏడాదికి ఒక మిల్లీసీవర్టే లిమిట్ అంటారు కదా అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ ఒకటి ప్రకృతి ఇచ్చేది కాదు, ప్లాంట్ల వల్ల అదనంగా కలిసేది. ప్రకృతి వాటా ఆ లిమిట్ లెక్కలోకే రాదు.

రెండో రోజు – నాగార్జునసాగర్, పెద్దగట్టు

పొద్దున్నే సాగర్ రోడ్డు పట్టాం. పెద్దగట్టు, లంబాపూర్ అంటే రిజర్వాయర్ ఒడ్డున గుట్టలు, వాటి మీద తండాలు. గ్రానైట్ మీద శ్రీశైలం క్వార్జైట్ అనే గట్టి ఇసుకరాయి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, ఆ రెండూ కలిసే అతుకులో యురేనియం పేరుకుందని అణు ఖనిజాలు వెతికే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అటామిక్ మినరల్స్ వాళ్ళు కనిపెట్టారు. గని ఇక్కడ, మిల్లు మాత్రం ఇంకోచోట అన్నారు, ముందు మల్లాపురం, తర్వాత దేవరకొండ వైపు శేరిపల్లి. 2003 ఆగస్టులో ఇక్కడ పబ్లిక్ హియరింగ్ పెడితే జనం గట్టిగా ఎదురు తిరిగారు, 2005లో ఇంకోసారి పెట్టారు, అప్పుడూ అంతే. ఇప్పటికీ గని లేదు, గుట్టలు గుట్టల్లాగే ఉన్నాయి.

మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన మా దగ్గరికొచ్చి "ఎక్కడికెల్లి వచ్చిండ్రు సారూ, మళ్ల సర్వేనా?" అని అడిగాడు. సర్వే కాదు తాతా, ఊరికే చూద్దామని వచ్చాం అంటే నమ్మలేదు. నా చేతిలో మిషన్ చూసి అసలు నమ్మలేదు. "గిట్లనే అప్పట్ల గూడ మిషన్లు పట్కొని వచ్చిండ్రు" అని నవ్వి, ఆ హియరింగ్ రోజు ఎంతమంది పోలీసులు వచ్చిందీ, ఎవరు ఏం మాట్లాడిందీ వరసగా చెప్పాడు. ఇరవై ఏళ్ళయినా ఆయనకి నిన్నటి సంగతిలాగే ఉంది.

ఆయన ఇంకో మాట అన్నాడు, అది నాకు ట్రిప్ అంతా గుర్తుంది. "నల్గొండోళ్ళకు నీళ్ళ సంగతి చెప్పాల్నా సారూ, నడుములు వంగినోళ్ళం." ఫ్లోరైడ్ గురించి. చూడ్డానికి తేటగా ఉన్న నీళ్ళు తాగి ఎముకలు వంకర్లు పోయిన జిల్లా అది, అక్కడ నిలబడి 'సైంటిస్టులు కొలిచారు, ప్రమాదం లేదు' అంటే ఎవరు మాత్రం వింటారు? పైగా ఈ సాగర్ నీళ్ళే పుట్టంగండి లిఫ్ట్ మీదుగా అక్కంపల్లికి, అక్కడి నుంచి హైదరాబాద్ కొళాయిలకి వెళ్తాయి. మా ఇంట్లో తాగేది కూడా అవే. అది తెలిశాక మా బామ్మర్ది కాసేపు సైలెంట్ అయిపోయాడు.

మిషన్ రీడింగ్ 0.21. హైదరాబాద్ గుట్ట కన్నా తక్కువే.

మూడో రోజు – అమ్రాబాద్, నల్లమల

దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా మన్ననూర్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ అడవి రోడ్డు మూసేస్తారు, అది లెక్క చూసుకుని బయల్దేరాలి, మేం చూసుకోలేదు కానీ పగలే చేరాం కాబట్టి బతికిపోయాం.

ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కింద అంతా అడవి, మంచు, ఎక్కడో నెమలి అరుపు. నిజం చెప్పాలంటే ఇక్కడ నేను మిషన్ జేబులోంచి తియ్యడం మర్చిపోయా. 2019 మేలో ఈ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్లలో 'సేవ్ నల్లమల' అని ఫోన్లు మోగిపోయాయి గుర్తుందా, సినిమా వాళ్ళు కూడా పోస్టులు పెట్టారు, 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. చాలామంది అప్పుడు 'గని వస్తోంది' అనుకున్నారు, అడిగింది అన్వేషణకే, అంటే బోర్లు వేసి రాయి తీసి చూడ్డానికి. కానీ అడవిలో బోరు వెయ్యాలంటే రిగ్గు లారీ వెళ్ళాలి, లారీకి దారి కావాలి, ఒకసారి దారి పడ్డాక ఆ దారిన ఏమేం వస్తాయో అడవిలో బతికేవాళ్ళకి తెలుసు. మాతో వచ్చిన చెంచు వాచర్ కుర్రాడు ఇదే చెప్పాడు ఇంకా చిన్నగా, "రోడ్డు ఏసినంక పులి ఉండది సార్."

రాత్రికి శ్రీశైలం. దర్శనం లైను చూసి మల్లన్నకి బయట నుంచే దండం పెట్టుకున్నాం.

నాలుగో రోజు – రోడ్డు, పన్ను నొప్పి

శ్రీశైలం నుంచి దోర్నాల, ఆత్మకూరు, నంద్యాల. ఘాట్‌లో మొదలైంది మా వాడికి పన్ను నొప్పి. దారిలో ఒక టౌన్లో స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్తే దవడ మొత్తం ఎక్స్‌రే తియ్యాలన్నారు. నేను బయట బెంచీ మీద కూర్చుని చూస్తే తలుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉంది, దాని పక్కన ఎర్ర లైటు ఉంది, లైటు వెలగదు, తలుపు సరిగ్గా పడదు. ఎక్స్‌రే తీసే తమ్ముడిని నీ బ్యాడ్జి ఏది అంటే డ్రాయర్ లాగి చూపించాడు, "పోతే మళ్ళీ డబ్బులు కట్టమంటారన్నా, అందుకే జాగ్రత్తగా పెట్టినా." ఆ బ్యాడ్జి మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పోతుంది, అతను ఎంత రేడియేషన్ తిన్నాడో అది చెప్పాలి. డ్రాయర్ ఎంత తిన్నదో చెప్తుంది.

మనం రేడియేషన్ రెగ్యులేషన్ అనగానే రియాక్టర్ గుమ్మటం ఊహించుకుంటాం. 1983లో పెట్టిన అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, రియాక్టర్లతో పాటు ఇలాంటి ఎక్స్‌రే గదులన్నీ కూడా చూసుకోవాలి, సందు సందుకీ ఒకటున్న దేశంలో. రేడియేషన్‌తో పని చేసే ఉద్యోగులకి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు, రూల్ బానే ఉంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైందో తెలుసు కదా, యూనివర్సిటీ వాళ్ళు పాత సామానుతో పాటు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న మిషన్ని వేలంలో అమ్మేశారు, తుక్కు షాపులో దాన్ని పగలగొట్టారు, ఒకతను చనిపోయాడు. రియాక్టర్‌లో కాదు, పాతసామాన్ల బజార్లో. 2012లో కాగ్ రిపోర్టు కూడా ఈ మండలికి చట్టంలో సొంత కాళ్ళు లేవని, ఎవరిని నియంత్రించాలో ఆ శాఖ నీడలోనే ఉందని గట్టిగా రాసింది. అంతకు ముందు ఏడాదే కొత్త బిల్లు పార్లమెంటులో పెట్టారు, 2014లో లోక్‌సభతో పాటే అదీ పోయింది.

పన్నుకి మాత్రలిచ్చారు. ఆళ్ళగడ్డ, మైదుకూరు, ప్రొద్దుటూరు, రాత్రికి పులివెందుల. ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంట్ చిమ్నీలు కనిపించాయి, మా వాడు నిద్రలో ఉన్నాడు.

అయిదో రోజు – తుమ్మలపల్లె, కొట్టాల

పొద్దున ఉగ్గాని, బజ్జీ. తర్వాత వేముల మండలం వైపు. రోడ్డుకి రెండు పక్కలా అరటి తోటలు, మధ్యమధ్య చీనీ చెట్లు, దూరంగా చదునైన కొండలు. ఇంత పచ్చగా ఉంటుందని నేను అనుకోలేదు, గని అంటే మసి బారిన ఊరు ఊహించుకున్నా. ఇక్కడ గని భూమి లోపల ఉంటుంది కాబట్టి పై నుంచి కనిపించేది గేటు, షెడ్లు, మిల్లు గొట్టాలు, అంతే.

టీ కొట్టు దగ్గర గనిలో పని చేసి మానేసిన ఒకాయన దొరికాడు. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో లాగా నిలువు బావి కాదు ఇక్కడ, ఏటవాలుగా లోపలికి దిగే మూడు దారులుంటాయని చెప్పాడు, మధ్య దారిలో బెల్టు మీద రాయి పైకొస్తుంది, అటూ ఇటూ దారుల్లో బండ్లు, మనుషులు. "లోపల ఏం తినకూడదు సార్, బీడీ గూడా తాగకూడదు. బయటికొచ్చినాంక స్నానం చేసేకాడికే పోవల్ల." ఫ్యాన్లు ఎందుకంత పెద్దవో తెలుసా అని నన్నే అడిగాడు. తెలుసు, రేడాన్. యురేనియం రాయి నుంచి నిత్యం ఊరే గాలి, వాసన లేదు రంగు లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతే దాని పిల్లలు, అంటే అది విరిగితే పుట్టే రేడియోధార్మిక రేణువులు, అక్కడే సెటిలవుతాయి, బయటికి తోసెయ్యడం ఒక్కటే మార్గం. నేను చెప్తుంటే ఆయన, సరిగ్గా చెప్పిన పిలగాడిని చూసినట్టు చూశాడు.

ఈ రాయి కథ వింతగా ఉంటుంది. ఇది వేంపల్లె డోలమైటు, అంటే సున్నపురాయి తరహా. మామూలుగా యురేనియాన్ని ఆమ్లంతో కడిగి తీస్తారు, సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే ఏమవుతుందో స్కూల్లో చూశాం, బుస్సున పొంగి ఆమ్లం అంతా రాయే తాగేస్తుంది. అందుకే ఇక్కడ యురేనియం ఉందని తెలిసి కూడా చాలా ఏళ్ళు వదిలేశారు. తర్వాత సోడియం కార్బొనేటు, బైకార్బొనేటుతో, వేడి మీద, ప్రెషర్ మీద కడిగే పద్ధతి కుదిరింది. 2007లో శంకుస్థాపన, 2012లో మిల్లు. రోజుకి 3000 టన్నుల రాయి లెక్కన కట్టారు. 2011లో ఇక్కడ 49 వేల టన్నులు ఖాయం, లక్షన్నర దాకా ఉండొచ్చు అని అప్పటి అణుశక్తి కమిషన్ చైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ చెప్పగానే పేపర్లన్నీ ప్రపంచంలోనే పెద్దది అని రాసేశాయి. నిక్షేపం పెద్దదే, కానీ టన్ను రాయిలో అరకిలో యురేనియం కూడా ఉండదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే సామెత దీనికంటే బాగా అతికే చోటు నేను చూడలేదు. ఎలుక హైదరాబాద్ వెళ్ళిపోతుంది. కొండ ఎక్కడికి పోతుంది? పిండిగా నూరిన ఆ రాయి బురదై కొట్టాల దగ్గర టైలింగ్ పాండ్‌లో ఉంటుంది. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుంది, ఎందుకంటే యురేనియం తీశారు గానీ రేడియం, థోరియం తియ్యలేదు. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు.

కొట్టాలలో ఒక అరటి రైతు తోటలో కూర్చోబెట్టాడు, చెట్టు మీద మాగిన గెల నుంచి నాలుగు పండ్లు కోసిచ్చాడు. 2018 నాటి గొడవ ఇక్కడ అందరికీ తెలుసు. బోరు నీళ్ళు మారాయని, పంటలు ఎండుతున్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు, పాండ్ అడుగున లైనింగ్ సరిగా వెయ్యలేదని కొందరు సైంటిస్టులు అన్నారు, కాలుష్య నియంత్రణ మండలి ఈ గని నడిపే యురేనియం కార్పొరేషన్‌కి నోటీసు ఇచ్చింది, అన్నీ లిమిట్ లోపలే ఉన్నాయని కార్పొరేషన్ జవాబిచ్చింది, కమిటీలు వచ్చాయి. గని భద్రత ఒక శాఖది, నీళ్ళు ఇంకో బోర్డువి, రేడియేషన్ ఏఈఆర్‌బీది, పర్యావరణ అనుమతి ఢిల్లీది. ఎవరికి వారే యమునా తీరే.

రైతుకి నా మిషన్ మీద ఆశ పుట్టింది. "సార్, మా బోరు నీళ్ళ మీద పెట్టు దాన్ని." బకెట్ నింపాడు. పెట్టా. 0.11. నేను ఈ అయిదు రోజుల్లో చూసిన వాటిలో ఇదే అన్నిటికన్నా తక్కువ, గ్రానైట్ లేదు కదా. ఆయన మొహం విప్పారింది, "అయితే బాగున్నట్టేనా?"

అక్కడ నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ అంకెకీ ఆయన అడిగినదానికీ సంబంధమే లేదు. నీళ్ళలో యురేనియం ఉన్నా అది లీటరుకి మైక్రోగ్రాముల్లో ఉంటుంది, దాని ఆల్ఫా కిరణాలు నీళ్ళు దాటి నా మిషన్ దాకా రానే రావు. పైగా నీళ్ళలో యురేనియంతో భయం రేడియేషన్ కన్నా కిడ్నీలకే, సీసం లాంటి విషంగా. లీటరుకి 60 మైక్రోగ్రాములు లిమిట్ అని ఏఈఆర్‌బీ, 30 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంకో తిరకాసు, మిల్లులో యురేనియాన్ని రాయి నుంచి కరిగించేది ఆ కార్బొనేటే, అదే కార్బొనేటు ఉన్న క్షారం నీళ్ళలో యురేనియం కరిగే ఉంటుంది, కదులుతుంది. అసలు గని రాకముందు ఈ బోరులో ఎంత ఉండేది అనేది ఇంకా పెద్ద ప్రశ్న, యురేనియం ఉన్న రాతినేలలో నీళ్ళలో సహజంగానే కొంత ఉంటుంది. ముందు కొలిచిన కాగితం రైతు చేతిలో లేకపోతే తర్వాత కొలిచిన దానితో ఎవరైనా ఏదైనా వాదించొచ్చు.

ఇదంతా నాకు చేతనైనంత విడమరిచి చెప్పా. ఆయన ఓపిగ్గా విని "ఎవరెవరో వస్తాంటారు సార్, బాటిళ్ళలో పట్టుకొని పోతాంటారు. కాయితం మాత్రం మాకియ్యరు. నువ్వన్నా కాయితం తెచ్చియ్యి" అని, కారులో ఉన్న మా మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి నింపి ఇచ్చాడు. మిషన్ ఆఫ్ చేసి జేబులో పెట్టేశా, మళ్ళీ తియ్యలేదు.

ఆరో రోజు – వెనక్కి

కర్నూలు రోడ్డు, ఏకధాటిగా. సీసా మా వాడి కాళ్ళ దగ్గర పెట్టా, దాహమేస్తే పొరపాటున తాగుతాడేమో అని మూత మీద టేపు అంటించి 'బోరు' అని రాశా. దారిలో ఫిజిక్స్ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి యురేనియం టెస్టు చేసే ల్యాబ్ కనుక్కోమన్నా. సాయంత్రానికి ఒక ల్యాబ్ వాళ్ళతో మాట్లాడించాడు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, సీసా ఏది వాడారు. రెండోది, ఫిల్టర్ చేసి నైట్రిక్ యాసిడ్ చుక్కలు కలిపారా. మూడోది, మోటారు ఎంతసేపు నడిచాక పట్టారు. మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. అలా పట్టకపోతే యురేనియం కొంత సీసా గోడలకే అంటుకుపోతుందట, రిపోర్టు ఇస్తాం గానీ దాన్ని ఎక్కడా చూపించలేరు, డబ్బులు దండగ అన్నారు. కడిగిన పాలిథిన్ సీసాలు రెండు, యాసిడ్ చిన్న బాటిలు మేమిస్తాం, మళ్ళీ పట్టుకురండి అన్నారు.

రైతుకి ఫోన్ చేశా. తిడతాడేమో అనుకున్నా. అంతా విని, "సరే సార్, మళ్లా వచ్చేటప్పుడు ముందు రోజు చెప్పు" అన్నాడు, "కరెంటు తొమ్మిదికి వస్తాది, అరగంట మోటారు ఆడినాంక పట్టుకుందాం."